పూచీ కాదు, లాభంలో వాటా ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

ల్యాబ్‌లోని పరిశోధనను సరుకుగా మార్చే వ్యాపారులు తయారవ్వాలంటే, డబ్బు ఎంత ఇచ్చామన్నదాని కన్నా ఏ షరతుతో ఇచ్చామన్నదే ముఖ్యం. చిన్న దేశమైన ఇజ్రాయెల్ ఈ సంగతి దెబ్బతిని నేర్చుకుంది. 1992లో ‘ఇన్‌బాల్’ పథకం కింద వెంచర్ ఫండ్ల (కొత్త కంపెనీల్లో డబ్బు పెట్టే నిధుల) పెట్టుబడికి ప్రభుత్వం 70 శాతం దాకా పూచీ పడింది. నష్టభయం తగ్గింది గానీ, మంచి కంపెనీని వెతికి పెంచాలన్న పట్టుదల పుట్టలేదు. పథకం చతికిలపడింది.

మరుసటి ఏడాది ‘యోజ్మా’ పథకం వచ్చింది. ఒక్కో ఫండ్‌లో సర్కారు వాటా సుమారు 40 శాతం, 80 లక్షల డాలర్ల దాకా. అనుభవమున్న విదేశీ పెట్టుబడి సంస్థ భాగస్వామిగా ఉండి తీరాలి. కంపెనీ నడిపే నేర్పు వాళ్ల దగ్గరే ఉంది మరి. అసలు కిటుకు ఇంకొకటి: ఫండ్‌లోని ప్రైవేటు భాగస్వాములు ఐదేళ్లలోపు సర్కారు వాటాను అసలు, వడ్డీ చెల్లించి కొనుక్కోవచ్చు. పైలాభంలో ఎక్కువ భాగం వాళ్లదే. పది ఫండ్లలో ఎనిమిది అలాగే కొనుక్కున్నాయి.

మన స్టార్టప్ నిధులకు నియమాలు రాసేవారు ఈ కొనుగోలు షరతును తప్పక పరిశీలించాలి.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం