పాప ఇంటికొచ్చింది. అందరికీ వందనాలు

నెలలు నిండకుండా పుట్టి ఇన్నాళ్ళూ ఆసుపత్రిలో ఇంక్యుబేటర్‌లో ఉన్న మా పాప నిన్న సాయంత్రం ఇంటికొచ్చింది. కారు సీటులో గంటన్నర కూర్చోబెట్టి, ఆక్సిజన్ పడిపోకుండా ఉంటేనే పంపిస్తామన్నారు. పాసైంది. ఇప్పుడు నా పక్కనే నిద్రపోతోంది. మానిటర్ మోత వినబడక నాకే నిద్ర పట్టడం లేదు. ఎవరి ఫోనూ ఎత్తలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇంట్లోవాళ్ళ సంగతి ముందు చెప్పేస్తాను. మా ఆయన గురించి చెప్పేదేముంది. అత్తగారు అట్లాంటా నుంచి వచ్చి పెద్దాడినీ ఇంటినీ చూసుకున్నారు. అమ్మా నాన్నా రాజమండ్రిలో ఉపవాస ప్రార్థనలు పెట్టించారు, అన్నయ్య డబ్బు పంపాడు. వీళ్ళకి విడిగా థాంక్స్ చెబితే తిడతారు.

నేను చెప్పాల్సింది పక్క మంచం దగ్గరి పెద్దావిడ గురించి. పేరు రాయొద్దన్నారు. ఎనభై దాటిన నల్లజాతి ఆవిడ, మునిమనవడి కోసం రోజూ వచ్చేవారు. పాప పుట్టిన కొత్తల్లో మా వార్డు (ఆసుపత్రి వార్డు కాదు, మా ఊళ్ళోని మా సంఘం) నుంచి ఒక బ్రదర్ వచ్చాడు, దీవెన ప్రార్థన కోసం. మా ఆయన ఇంక్యుబేటర్ కిటికీలోంచి చెయ్యి పెట్టి, పాప మాడు మీద ఒక్క చుక్క ఒలీవ నూనె వేలికొసతో అద్దాడు. ఆ తల ఆయన అరచేతిలో సగం కూడా లేదు. ఆమెన్ అన్నాక చూస్తే పక్క మంచం దగ్గర ఆవిడ లేచి నిలబడి ఉన్నారు. మా ఆయనతో అన్నారు, "నువ్వు చేస్తుంటే కూర్చుని చూడలేకపోయాను బాబూ" అని.

అప్పుడు తెలిసింది ఆవిడా మా లాటర్-డే సెయింట్స్ సంఘం మనిషేనని. (మార్మన్లు అనొద్దని 2018లో అప్పటి మా ప్రవక్త, అంటే సంఘాధ్యక్షుడు, గట్టిగా చెప్పారు కానీ, అలా అంటే తప్ప మా చుట్టాలకి ఇప్పటికీ అర్థం కాదు.)

ఆ తర్వాత ఒకరోజు పాలు పంప్ చేసుకుని కుర్చీలో కూలబడి ఉన్నాను. ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి తలకి దువ్వెన తగల్లేదు. ఆవిడ నా వెనక్కొచ్చి, "చిక్కు తీస్తే నొప్పికి ఓర్చుకునే తలేనా నీది?" అని అడిగారు. జవాబు చెప్పేలోపే సంచిలోంచి దువ్వెన తీశారు. కుదుళ్ళ దగ్గర వేళ్ళతో బిగించి పట్టుకుని, చివర్ల నుంచి పైకి ఒక్కో చిక్కూ విడదీశారు. చిన్న డబ్బాలోంచి షియా బటర్ తీసి మాడుకి పట్టించారు. డాక్టర్లు ఏం చెప్పినా రాని ఏడుపు అప్పుడొచ్చింది. అమ్మ వచ్చుంటే చేసే పని అది. ఆవిడ చెయ్యి ఆపలేదు, ఊరుకోమనీ అనలేదు. జడల్లి, రబ్బరు లేదని మాస్కు తాడు తెంపి ముడేశారు.

అమ్మ ఎందుకు రాలేదంటారా? అమెరికా వీసా. ఇంటర్వ్యూకి తేదీ దొరకదు. అత్యవసరమని ఆసుపత్రి ఉత్తరం పెడితే, అర్హత లేదని రెండు లైన్ల జవాబు. మా పెళ్ళికీ ఇదే జరిగింది.

ఇంకో విషయం. రాత్రిపూట నేను లోపలికి వెళ్తే కింద డెస్కు దగ్గర ఎవరూ తల ఎత్తరు. మా ఆయన నల్లజాతి మనిషి, ఆయన వెళ్తే ప్రతి రాత్రీ ఆపడమే. ఐడీ చూపించు, ఎవరి కోసం, తండ్రివని రుజువేంటి? చేతికి ఆసుపత్రి బ్యాండు ఉంది, అయినా సరే. నాకు ఒళ్ళు మండిపోయేది, ఆయన మాత్రం గొడవొద్దనేవాడు. ఇది ఆవిడకి తెలిసి, ఒకరాత్రి మా ఆయన చెయ్యి పట్టుకుని డెస్కు దాకా వెళ్ళి, ఆ గార్డుని అతని పేరడిగి, మా ఆయన పేరు చెప్పారు. మర్నాడు రాత్రి మళ్ళీ వెళ్ళి, "ఈయన పేరేమిటి, చెప్పు చూద్దాం" అన్నారట. అతను పాఠం అప్పజెప్పే పిల్లాడిలా చెప్పేవరకూ కదల్లేదట. ఆ తర్వాత ఆపలేదు. మునిమనవడు ఇంటికెళ్ళిపోయాక కూడా ఆవిడ మా కోసం వస్తూనే ఉన్నారు.

ఆవిడా, భర్తా ఓక్లండ్‌లో 1975లో బాప్తిస్మం తీసుకున్నారు. ఆఫ్రికా మూలాలున్న మగవాళ్ళకి అప్పుడు మా సంఘంలో యాజకత్వం (దేవుడి పేరిట దీవెనలు, సంస్కారాలు జరిపే అధికారం) లేదు. దంపతులకి టెంపుల్లో సీలింగూ (పెళ్ళి చావు తర్వాత కూడా నిలిచేలా చేసే సంస్కారం) లేదు. మొదట్లో అలా లేదు. 1836లోనే ఎలైజా ఏబుల్‌ అనే నల్లజాతి ఆయనకి యాజకత్వం ఇచ్చారు. 1852లో అప్పటి ప్రవక్త బ్రిగం యంగ్ దారి మూసేశారు. వాళ్ళబ్బాయికి పన్నెండేళ్ళొస్తే, తోటి తెల్ల పిల్లలందరూ సంస్కారపు రొట్టె పళ్ళెం పట్టుకుని వరసల మధ్య తిరుగుతుంటే, యాజకత్వం లేదు కాబట్టి వాడొక్కడే తల్లి పక్కన కూర్చునేవాడు. పళ్ళెం దగ్గరికొచ్చినప్పుడల్లా వాడు తన చేతుల వంక చూసుకునేవాడని చెప్పారు. 1978 జూన్ 9, శుక్రవారం, ఇకపై నల్లవాళ్ళకీ యాజకత్వం ఇవ్వాలని దేవుడు ప్రవక్తకి తెలియజేశాడన్న కొత్త బయల్పాటు వార్త రేడియోలో విన్నారు. ఆదివారానికి వాడికి తెల్ల చొక్కా కొనడానికి పరిగెత్తారట.

రాజమండ్రి సండే స్కూల్లో మాకు 1978 అంటే వేరే కథ. ఎడ్విన్ ధర్మరాజు గారు, ఎల్సీ గారు సమోవా నుంచి హైదరాబాద్ రావడం, ఆ డిసెంబరులో వాళ్ళ బంధువులు 22 మంది బాప్తిస్మం పొందడం. అదే ఏడాది ఇక్కడ అమెరికాలో నల్లవాళ్ళ విషయంలో ఏమైందో మాకెవరూ చెప్పలేదు. మన భారతీయులకి ఆ నిషేధం వర్తించలేదు. నిజానికి నలుపులో నాకంటే మా ఆయనే ఓ ఛాయ తక్కువ. అయినా 1975లో మా అన్నయ్యకి దొరికే యాజకత్వం ఆయనకి దొరికేది కాదు. మా పెళ్ళికి సీలింగ్ ఉండేది కాదు. పాప తల మీద ఆ నూనె చుక్క కూడా ఉండేది కాదు.

నేను బెంగుళూరు మిషన్‌లో (ఇంటింటికీ వెళ్ళి మా విశ్వాసం చెప్పే సేవలో) ఉన్నప్పుడు ఒక లెక్చరర్ గారు అడిగారు, నల్లవాళ్ళని ఎందుకు దూరం పెట్టారని. ఎందుకో తెలియదు, దేవుడు మార్చాడు అన్నాం నేనూ, నా కంపానియనూ (సేవలో నాకు జంటగా ఉన్న అమ్మాయి). మాకు నేర్పిన జవాబు అదే. ఆయన మర్యాదగా మంచినీళ్ళిచ్చి పంపేశారు. (టీ ఇచ్చినా మేం తాగం కదా.) 2013లో సంఘం ఒక వ్యాసం పెట్టి, నల్లచర్మం దేవుడి శాపమని పాతకాలం వాళ్ళు చెప్పిన కథలన్నీ తప్పని తోసేసింది. అందులో క్షమాపణ లేదు. ఉండాల్సిందని నా అభిప్రాయం. ఇలా రాసినందుకు కొందరు బాధపడతారని తెలుసు.

అన్నీ చూసి ఎందుకు ఉండిపోయారని ఆవిడని అడిగాను. "దానికి నా దగ్గర రోజుకో జవాబుంటుంది. ఇవాళ్టిది రేపు చెప్తాను, ముందు తిను" అన్నారు. ఇంతవరకూ చెప్పలేదు.

మా పెళ్ళప్పుడు 'నల్లోడు దొరికాడా నీకు' అన్న చుట్టాలున్నారు. వాళ్ళూ సంఘస్థులే, ఇప్పటికీ కులం చూసి సంబంధాలు కలుపుకునేవాళ్ళే. పాప ఫొటోకి వాళ్ళు కూడా వందనాలు పెట్టారు. సరే, అందాయి. మా అత్తగారు బాప్టిస్టు కాబట్టి టెంపుల్ లోపలికి రాలేరు. అందుకే హవాయిలో ముందు చెట్ల కింద సివిల్ పెళ్ళి చేసుకుని, తర్వాత లాయే టెంపుల్లో సీలింగ్ చేయించుకున్నాం. మా సంఘం నియమం ప్రకారం 2019కి ముందైతే మధ్యలో ఏడాది ఆగాల్సొచ్చేది. ఆ రోజు బయట బెంచీ మీద ఒక్కరే కూర్చున్న అత్తగారు, మొన్న ఈ పెద్దావిడతో కలిసి ఆసుపత్రి క్యాంటీన్లో పాతకాలం బాప్టిస్టు పాటలు పాడుకున్నారు.

ఇక ఇన్సూరెన్సు. పాపకి పేరు పెట్టాం, కాగితాలు ఇచ్చాం. బిల్లులు మాత్రం 'బేబీ గర్ల్' పేరు మీదే వెళ్ళాయి, పేర్లు కలవలేదని తిప్పి పంపారు. ఫోన్ చేస్తే పాట వినిపిస్తారు, తర్వాత లైన్ కట్. ఇంక్యుబేటర్ పక్కన నిలబడి ఒక మనిషికి ఆ రెండు పేర్లూ ఒక్క బిడ్డవేనని నమ్మించాల్సొచ్చింది. ఇంకా తేలలేదు. తెలిసినవాళ్ళుంటే సలహా చెప్పండి.

అయ్యో, మర్చిపోయినవాళ్ళు. రాత్రి డ్యూటీ మలయాళీ నర్సమ్మ, పాప బరువు పెరిగినప్పుడల్లా నాకంటే ముందు ఎగిరేది. రిలీఫ్ సొసైటీ (మా సంఘం స్త్రీల సమాజం) సిస్టర్లు, వాళ్ళు వండి తెచ్చిన అన్ని క్యాసెరోల్స్ మా ఫ్రిజ్‌లో పట్టలేదు. ఇంటి ముందు మంచు తీసిపెట్టిన మిషనరీ ఎల్డర్లు (మా సంఘం కుర్ర మిషనరీలు). పప్పుచారు తెచ్చిన గుంటూరు ఆంటీ, మా సంఘం కాదు, పూజ చేయించి కుంకుమ కూడా పంపారు, దాచుకున్నాను. అత్తగారి చర్చి వాళ్ళు. పార్కింగ్ టికెట్ పోతే గేటు ఎత్తేసిన అబ్బాయి. బాబుని స్కూల్ నుంచి తెచ్చిన పక్కింటివాళ్ళు, వీళ్ళని పైన రాయాల్సింది.

ప్రీమీ (నెలలు నిండని పిల్లల) సైజు డైపర్లు విప్పని ప్యాకెట్లు మిగిలాయి. సాల్ట్ లేక్ చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే మెసేజ్ పెట్టండి, మా ఆయన తెచ్చిస్తాడు.