సగటు ప్యాకేజీ లెక్క వేరు

సంపాదకులకు,

ఎంబీఏకు రెండు మూడు కాలేజీల్లో సీటొచ్చినవారు ప్రకటనల్లోని సగటు ప్యాకేజీలనే పోల్చుకుంటున్నారు. తొమ్మిది మందికి 8 లక్షలు, ఒక్కరికి 60 లక్షలు వస్తే సగటు 13.2 లక్షలవుతుంది, మీడియన్ (జీతాలను వరుసగా పేర్చితే సరిగ్గా మధ్యలో వచ్చేది) మాత్రం 8 లక్షలే. అడగాల్సింది అదే. ప్లేస్‌మెంట్లకు ఎందరు నమోదయ్యారు, ఎందరికి ఉద్యోగం వచ్చింది, నివేదిక ఆడిట్ అయిందా అన్నదీ తేల్చుకోవాలి. ప్యాకేజీగా చెప్పే సీటీసీలో (ఉద్యోగిపై కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) ఉద్యోగం వదిలేటప్పుడిచ్చే గ్రాట్యుటీ, పనితీరును బట్టి మారే వేరియబుల్ పే కూడా కలిసే ఉంటాయి.

10 శాతం వడ్డీకి తెచ్చిన 20 లక్షలు పదేళ్లలో తీర్చాలంటే నెలవాయిదా దాదాపు 26,400 రూపాయలు. చదివే రెండేళ్ల వడ్డీ అదనం. చేతికొచ్చే జీతంతో దీన్ని సరిచూసుకోండి.

ఇంకా మంచి సీటొస్తే తరగతులు మొదలవకముందే రాతపూర్వకంగా విరమించుకోండి. ఏఐసీటీఈ (సాంకేతిక, మేనేజ్‌మెంట్ విద్యను నియంత్రించే జాతీయ మండలి) గుర్తింపున్న కాలేజీ అప్పుడు కట్టిన ఫీజులో వెయ్యి రూపాయలకు మించి కోత పెట్టకూడదు, ఒరిజినల్ సర్టిఫికెట్లూ ఆపకూడదు. ఆపేవాళ్లకు కొదవ లేదనుకోండి!

– ఒక పాఠకుడు, గుంటూరు