మా నాన్నగారి లారీ మళ్లీ కదిలింది: ఇద్దరికి కృతజ్ఞతలు

మా నాన్నగారు లారీ ఆట ఆడుకునే ఒక పాత లాప్‌టాప్ విషయంలో నెల రోజులపాటు ఓపికగా సాయపడిన ఇద్దరికి నేను బాకీ పడ్డాను. ఒకరు ఒంగోలులో ఉంటున్న యువకుడు, మా మేనల్లుడి స్నేహితుడు. మరొకరు నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో కంప్యూటర్లు బాగుచేసే పెద్దమనిషి. పేర్లు రాయవద్దని ఇద్దరూ గట్టిగా చెప్పారు కనుక రాయడం లేదు గాని, వారు చేసిన మేలును వివరంగానే చెబుతాను. ఎందుకంటే ఇలాంటి లాప్‌టాప్‌లు మన ఇళ్లలో ఇంకా చాలానే మూలన పడి ఉన్నాయి.

మా నాన్నగారు ముప్పై ఏళ్లకు పైగా లారీ తోలారు. నెల్లూరు మీదుగా మద్రాసు నుంచి కలకత్తాకు పోయే రహదారికి ఇప్పుడు పదహారో నంబరు వచ్చినా, ఆయనకది ఈనాటికీ ఐదో నంబరు రోడ్డే. మోకాళ్లు అరిగిపోయి స్టీరింగు వదిలిన తర్వాత, మైపాడు దారిలో మేము చేస్తున్న రొయ్యల గుంటల దగ్గరికి నాతోపాటు రాత్రి కాపలాకు వచ్చి, నీటికి గాలి పట్టించే ఏరియేటర్ల చప్పుడు వింటూ నిద్రపట్టక కూర్చునేవారు. వేసవి సెలవులకు వచ్చిన మేనల్లుడు అది చూసి, నా లాప్‌టాప్‌లో యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 అనే ఆట ఎక్కించాడు. చెక్ దేశపు ఎస్.సి.ఎస్. సాఫ్ట్‌వేర్ సంస్థ 2012లో విడుదల చేసిన ఈ ఆటలో తుపాకులూ యుద్ధాలూ ఉండవు. సరుకు ఎత్తుకొని ఒక ఊరి నుంచి మరో ఊరికి క్షేమంగా చేర్చడమే పని. యూరపులో చాలా దేశాల్లో బండి కుడివైపు నడపాలని తెలిసి మొదట చిరాకుపడిన నాన్నగారు, ఇంగ్లండులో మనలాగే ఎడమవైపు నడుపుతారని తెలియగానే డోవర్ రేవు నుంచి బయలుదేరారు.

బయలుదేరడమైతే బయలుదేరారు గాని బండి కదలలేదు. ఆ లాప్‌టాప్ 2018లో గుంటల లెక్కలు రాసుకోవడానికి కొన్నది. ఇంటెల్ ఐ5-8250యు ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్ (పని జరిగేటప్పుడు సమాచారం ఉంచుకునే మెమొరీ), తిరిగే హార్డ్‌డిస్కు ఉన్నాయి తప్ప బొమ్మలు గీయడానికి వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు. తెర మీద బొమ్మ సెకనుకు పన్నెండు, పదిహేను సార్లకు మించి మారేది కాదు. "ఏందిరా అబ్బయ్యా, అద్దంలో ఎనక బండి కప్ప మాదిరి ఎగురుకుంటా వస్తా ఉంది" అని నాన్నగారు పక్క అద్దాన్ని చూపించి అన్నారు. ఒక దుకాణంలో అడిగితే, మూత కూడా తెరవకుండానే, దీన్ని పక్కన పెట్టి గేమింగ్ లాప్‌టాప్ కొనుక్కోమన్నారు. నేను సొంత తెలివితో వేగం పెంచుతానని చెప్పుకునే ఒక 'బూస్టర్' ప్రోగ్రాము వేసుకున్నాను. ఉన్న కాస్త ర్యామ్‌లో అది కూడా ఒక వాటా తినేసింది.

ఒంగోలు అబ్బాయికి ఫోను చేసినప్పుడు ఆయన వేసిన మొదటి ప్రశ్న నన్ను ఆశ్చర్యపరిచింది. లాప్‌టాప్‌లో ఏమేమి ఉన్నాయని కాదు, ఆడేటప్పుడు దాన్ని ఎక్కడ పెడుతున్నారని అడిగాడు. నవారు మంచం మీద, దుప్పటి మీద అని చెప్పాను. ఏ మార్పు చేయకముందు కొలత తీసుకోవాలన్నాడు. ఆటను నడిపే స్టీమ్ ప్రోగ్రాములోనే ఉండే ఫ్రేముల లెక్కను, అంటే సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో చూపే అంకెను, తెర మూలన కనిపించేలా పెట్టించి, వేడి చూపడానికి హెచ్‌డబ్ల్యుఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామును నాచేత వేయించాడు. పది నిమిషాల ఆట తర్వాత చూస్తే ప్రాసెసరు వేడి 97 డిగ్రీలు! 1.6 గిగాహెర్ట్జ్ మామూలు వేగం, అవసరమైతే 3.4 దాకా పరుగెత్తగలిగిన ఆ చిప్పు, 1.1 దగ్గర కుంటుతోంది. వంద డిగ్రీల హద్దు దగ్గరపడగానే ప్రాసెసరు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుందనీ, లాప్‌టాప్ అడుగున ఉన్న గాలి రంధ్రాలను దుప్పటి మూసేస్తోందనీ ఆయన వివరించాడు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే ఊళ్లో, రేకుల షెడ్డులో, దుప్పటి మీద పెట్టి ఆడించిన తప్పు నాది. ఆక్సిజన్ తగ్గితే రొయ్య పైకి తేలుతుందని తెలిసినవాడిని, గాలి ఆడక లాప్‌టాప్ రొప్పుతోందని మాత్రం గ్రహించలేకపోయాను.

ఆయన చెప్పిన చిట్కాల్లో ఒకటి పనిచేయలేదనే మాట కూడా ఇక్కడ చెప్పాలి. విండోస్ పవర్ సెట్టింగులలో ప్రాసెసరు గరిష్ఠ స్థాయిని 100 నుంచి 99 శాతానికి దించమన్నాడు. అలా చేస్తే టర్బో అనే అదనపు వేగం ఆగిపోయి, వేడి తగ్గి, ప్రాసెసరూ గ్రాఫిక్సూ కలిసి పంచుకునే 15 వాట్లలో గ్రాఫిక్సుకు ఎక్కువ మిగులుతుందని లెక్క. వేడి 70 డిగ్రీలకు దిగిన మాట నిజమే గాని ఫ్రేములు మాత్రం పెరగలేదు. ఈ ఆట ఎక్కువగా ప్రాసెసరులోని ఒక్క కోరు (లెక్కలు చేసే ఒక భాగం) వేగం మీదే ఆధారపడుతుందని, తన సలహా ఈ ఆటకు పొసగలేదని ఆ కుర్రవాడు మరునాడు ఉదయమే తానే ఫోను చేసి ఒప్పుకొని, పాత స్థాయికి మార్పించాడు. తెలిసినవాళ్లు ఇలా ఒప్పుకోవడం నేను అరుదుగా చూశాను.

ఆ తర్వాతే ట్రంకు రోడ్డు పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన అడుగు మూత మరలు విప్పి, ఏ మర ఎక్కడిదో కలిసిపోకుండా ఒక కాగితం మీద లాప్‌టాప్ బొమ్మ గీసి, ఆ చోట్లలోనే మరలను పేర్చారు. ఫ్యానుకూ రాగి గొట్టం చివరి రెక్కలకూ మధ్య దుమ్ము ఒక దూది పట్టీలాగా అల్లుకొని ఉంది. పట్టకారుతో లాగితే చిరగకుండా ఒకే ముక్కగా ఊడివచ్చింది. చిప్పు వేడిని రాగి గొట్టానికి చేర్చే పేస్టు ఎండి పెళుసై, ఎండాకాలపు చెరువు అడుగులాగా బీటలు వారింది. పాతది తుడిచి, కందిగింజంత కొత్త పేస్టు పెట్టి బిగించారు. ఆ సాయంత్రం కింద చెక్కపలక పెట్టి, వెనక భాగాన్ని రెండు అంగుళాలు ఎత్తి ఆడిస్తే, వేడి 80 డిగ్రీలు దాటలేదు. ఫ్రేములు ఇరవై రెండుకు చేరాయి.

మూత తెరిచినప్పుడే ఆయన రెండో ర్యామ్ గూడు ఖాళీగా ఉండటం చూపించారు. వేరే గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లో బొమ్మలు గీసే భాగానికి సొంత మెమొరీ ఉండదు, ప్రధాన ర్యామ్‌నే వాడుకుంటుంది. 2400 వేగం గల డీడీఆర్4 ర్యామ్ పలక ఒకటే ఉంటే సెకనుకు 19.2 జీబీ సమాచారం నడిచే దారి ఉంటుంది. రెండు పలకలు జతగా ఉంటే అది 38.4 జీబీ. అంటే రెండో పలక వల్ల చోటు పెరగడమే కాదు, దారి కూడా రెండింతలవుతుంది. అదే వేగం గల 4 జీబీ పలకను, ఎవరో వాడి తీసినదాన్ని, ఒక బస్తా రొయ్యల మేత ఖరీదు లోపే ఆయన అమర్చిపెట్టారు. హార్డ్‌డిస్కు బదులు ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) వేయించమంటారా అని అడిగితే, దానివల్ల ఆట త్వరగా తెరుచుకుంటుందే గాని నడిచేటప్పటి ఫ్రేములు పెద్దగా పెరగవని, డబ్బున్నప్పుడు చూసుకోవచ్చని ఆయన చెప్పారు. అమ్ముకోగలిగిన వస్తువును ఆయన అమ్మలేదు.

మిగిలిన పోరాటమంతా ఆటలోని సెట్టింగుల దగ్గర, నాన్నగారితోనే జరిగింది. తెరను 1920×1080 నుంచి 1280×720కి దించితే గీయవలసిన చుక్కలు 20,73,600 నుంచి 9,21,600కు తగ్గుతాయి. దానికి ఆయన అభ్యంతరం చెప్పలేదు. నీడలు తీసేశాం, గడ్డీ చెట్లూ తగ్గించాం, తడి రోడ్డు మీది ప్రతిబింబాలు మానేశాం. చివరికి ఒంగోలు అబ్బాయి అద్దాల నాణ్యత తగ్గించమన్నాడు. ఆటలో అద్దమంటే అద్దం కాదట, వెనక దృశ్యాన్ని మరోసారి గీసి చూపే చిన్న తెరట, లారీకి అలాంటివి నాలుగైదు ఉంటే గీసే పని అంతకంత పెరుగుతుందట. నాన్నగారు ఒప్పుకోలేదు. "అద్దం మసకైతే రివర్సు ఎట్ట తీసేది? ఆ చెట్లన్నీ కొట్టెయ్యమను, అద్దం జోలికి రావద్దను" అన్నారు. ఆ మాట యథాతథంగా ఒంగోలుకు చేరవేస్తే, ఆ కుర్రవాడు నవ్వి ఊరుకోకుండా ఒక పూటంతా తన కంప్యూటరులో అదే లారీతో ప్రయత్నించి, అద్దాల నాణ్యతను మధ్యస్థంగా ఉంచి, అందులో కనిపించే దూరాన్ని మాత్రమే తగ్గించే ఉపాయం చెప్పాడు. వెనక ట్రాలీ స్పష్టంగా కనిపిస్తుంది, అర కిలోమీటరు దూరంలోని కొండ కనిపించదు. రివర్సు తీసేవాడికి కొండతో పని లేదని నాన్నగారు తీర్పు చెప్పారు.

బూస్టరును తీసేశాను, కంప్యూటరు తెరవగానే వాటంతట అవే మొదలయ్యే ఏడు ప్రోగ్రాములను ఆపేశాను. కరెంటు పోయి బ్యాటరీ మీద నడిచేటప్పుడు వేగం పడిపోవడం సహజమేనని తెలుసుకున్నాను. జనరేటరు మొదలయ్యేదాకా నాన్నగారు బండిని రోడ్డు పక్కన ఆపుకుంటున్నారు.

ఇవన్నీ అయ్యాక ఫ్రేములు 34కూ 46కూ మధ్య ఆడాయి. ఫ్రేములకు హద్దు పెట్టే రివాట్యూనర్ అనే ప్రోగ్రాముతో వాటిని 30 దగ్గర కట్టేయమని ఒంగోలు అబ్బాయి అన్నప్పుడు, వచ్చినవాటిని వదులుకోవడమెందుకని వాదించాను. తెర సెకనుకు 60 సార్లు వెలుగుతుంది కనుక, 30 ఫ్రేములైతే ఒక్కొక్కటి సరిగ్గా రెండుసార్లు కనిపించి కదలిక సమంగా ఉంటుందని, ఎగుడుదిగుడుగా వచ్చే నలభై కంటే నిలకడగా వచ్చే ముప్పై కంటికి హాయి అని ఆయన చెప్పాడు. పెట్టి చూశాక వాదన మానేశాను.

ఒంగోలు అబ్బాయికీ, ట్రంకు రోడ్డు పెద్దాయనకూ మా కుటుంబమంతటి తరఫున మనస్ఫూర్తిగా నమస్కారాలు. శుభ్రం చేసినందుకు పెద్దాయన డబ్బు తీసుకోలేదు. ఈ పట్టుబడి కాగానే మంచి కౌంటు (పెద్ద సైజు) రొయ్యలు రెండు కిలోలు ఆయన ఇంటికి చేరతాయి, వద్దన్నా ఈసారి వినను. ఒంగోలు అబ్బాయి ఎప్పుడు ఇటు వచ్చినా మైపాడు తీరం చూపించి, మా అమ్మ చేతి చేపల పులుసు తినిపించి పంపే పూచీ నాది.

లండన్ నగరంలోకి ప్రవేశించినప్పుడు మాత్రం ఫ్రేములు ఇప్పటికీ 24కు పడిపోతున్నాయి. దానికింకా ఏమైనా చేయవచ్చేమో అడుగుతానని నాన్నగారితో అంటే, "ఊళ్లో నిదానంగానే గదరా పోవాల్సింది" అని గేరు తగ్గించారు.