నాలుగో అధ్యాయంలో మూడు శ్లోకాలు

సంపాదకులకు నమస్కారం.

మొన్న మాఘమాసంలో మా పెద్దమ్మాయి పెళ్లి చేశాను. మా వారు పోయి ఆరేళ్లయింది. కన్యాదానం మా మరిది, తోటికోడలు చేశారు, దానికి నాకు బాధ లేదు. కానీ పిల్లకి నలుగు పెట్టేటప్పుడు కూడా నన్ను పక్కకి జరగమన్నారు. ఎందుకండీ అని అడిగితే, "నేను పెట్టిన నియమం కాదమ్మా, శాస్త్రం. శాస్త్రమంటే భగవంతుడి మాట" అన్నారు పురోహితులు.

ముప్ఫై ఒక్కేళ్లు హైస్కూల్లో సంస్కృతం చెప్పినదాన్ని. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. పెళ్లి హడావుడి తగ్గాక మా నాన్నగారి బీరువాలోంచి పాత ధర్మశాస్త్ర గ్రంథం పరాశర స్మృతి తీశాను.

నాలుగో అధ్యాయంలో "నష్టే మృతే ప్రవ్రజితే క్లీబే చ పతితే పతౌ" అనే శ్లోకం ఉంది. భర్త జాడ తెలియకపోయినా, చనిపోయినా, సన్యసించినా, నపుంసకుడైనా, పతితుడైనా ఆడదానికి మరో భర్తను విధించవచ్చని అర్థం. ఆ వెంటనే, భర్త పోయాక బ్రహ్మచర్యంలో ఉన్న స్త్రీకి స్వర్గం వస్తుందని ఉంది. దాని కింది శ్లోకంలో, భర్తతో సహగమనం చేసిన ఆమె మూడున్నర కోట్ల ఏళ్లు స్వర్గంలో ఉంటుందని ఉంది. మళ్లీ పెళ్లి, ఒంటరి బతుకు, చితి. మూడూ వరసగా ఒకే పేజీలో!

వీటిలో భగవంతుడి మాట ఏది?

పద్నాలుగో శతాబ్దంలో ఈ స్మృతికి వ్యాఖ్యానం రాసిన మాధవాచార్యులు మొదటి శ్లోకం వేరే యుగాలకి, కలియుగానికి కాదన్నారు. ఆ స్మృతేమో కలియుగానికి పరాశరుడి ధర్మాలే అని మొదటి అధ్యాయంలోనే చెప్పుకుంది. బెంగాల్ సంస్కర్త ఈశ్వరచంద్ర విద్యాసాగరులు ఆ మాటే పట్టుకుని, వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని 1855లో వాదించారు, మరుసటి ఏడు వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. 1881 డిసెంబరులో మా రాజమండ్రిలోనే వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం చేయించారు. ఆయనా శాస్త్రం చూపించారు, ఆయన్ని వెలివేసినవాళ్లూ శాస్త్రమే చూపించారు.

అది జరిగిన ముప్ఫై ఏళ్లకి మా నాయనమ్మ అక్కగారికి పదకొండో ఏట భర్త పోయాడు. గుండు చేయించారు. కోనసీమలో మా ఇంటి వెనక గదిలోనే ఆవిడ ముసలిదైపోయింది. నేను బడికి పరీక్షకి బయల్దేరుతుంటే, ఎదురు పడకూడదని, ఎవరూ చెప్పకముందే వంటింటి తలుపు వెనక్కి వెళ్లి నిలబడేది. తలుపు సందులోంచి ఆ ముతక చీర అంచు కనపడేది. ఆవిడకి మొదటి శ్లోకం చదివి వినిపించినవాళ్లు ఒక్కరూ లేరు. మా ఇంట్లో పండితులకి కొదవ లేదు, పుస్తకమూ ఉంది.

నేను నాస్తికురాలిని కాను. రోజూ విష్ణు సహస్రనామం చదువుకుంటాను. ఆ నామాల్లో నాకు దేవుడు దొరుకుతాడు. ఒక పసిపిల్లని తలుపు వెనక నిలబెట్టిన నియమంలో మాత్రం నాకు మనుషులే కనపడుతున్నారు: వాళ్ల భయాలు, వాళ్ల ఆస్తి లెక్కలు. తైత్తిరీయోపనిషత్తులో గురువు శిష్యుణ్ణి పంపిస్తూ, మాలో మంచి నడవడి ఏముందో అదే నువ్వు అనుసరించు, మిగతావి వద్దు అంటాడు. ఏది మంచో ఏరుకునే పని వేదమే మనకి అప్పగించిందని నేను పిల్లలకి ఎన్నోసార్లు చెప్పాను. నలుగు దగ్గర మాత్రం నోరు రాలేదు.

పురోహితులకి నా విన్నపం ఒక్కటే. ఎవరినైనా పక్కకి జరగమనేటప్పుడు ఏ గ్రంథం, ఏ శ్లోకం అన్నది చెప్పండి. దాని పక్కన ఇంకేం రాసి ఉందో కూడా చెప్పండి. అది మీరు ఎంచుకున్నదైతే, మేం ఎంచుకున్నాం అనండి. దేవుడి మీద వేయకండి.

వచ్చే ఏడాది మా రెండో అమ్మాయి పెళ్లి. నలుగు నేనే పెడతాను.

ఒక విశ్రాంత సంస్కృత ఉపాధ్యాయురాలు,
రాజమహేంద్రవరం