మాత్రలతో పాటు పని కూడా ఇప్పించండి

సంపాదకుల గారికి నమస్కారం.

మా తమ్ముడికి ఇరవై రెండో ఏట స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు వచ్చింది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు మధ్యలోనే ఆగిపోయింది. గాలి సోకిందనుకుని మొదటి ఏడాదంతా తాయెత్తుల చుట్టూ తిరిగాం. డాక్టరు దగ్గరికి వెళ్లాక మందులు పనిచేశాయి, చెవిలో వినిపించే గొంతులు తగ్గాయి. అసలు కష్టం ఆ తర్వాతే మొదలైంది. పొద్దున లేస్తే వెళ్లడానికి చోటు లేక ఆరేళ్లు అరుగు మీదే కూర్చున్నాడు. "పూర్తిగా నయమయ్యాక చూద్దాంలే" అన్నది మేమే. మధ్యలో ఒక దుకాణంలో చేరితే, జేబులో మాత్రల షీటు చూసి మూడో రోజే రావద్దన్నారు.

ఇప్పుడు కడియం దగ్గర ఒక నర్సరీలో పనిచేస్తున్నాడు. రాత్రి మాత్ర వేసుకుంటే పొద్దున తొమ్మిది దాకా మత్తు వదలదు. అందుకని మిగతావాళ్లు ఏడింటికి వస్తే, వాణ్ని పదింటికి రమ్మన్నారు. మొదటి నెల ఒక పూటే పని. నాలుగు పనులు ఒకేసారి చెబితే టెన్షన్ పడతాడని, ఒకటి అయ్యాకే ఇంకోటి చెబుతారు. పక్కన కూర్చుని కవర్లలో మట్టి నింపే ఒక పెద్దావిడ, వాడు చెయ్యాపి ఎటో చూస్తూ ఉండిపోతే, "బాబూ, ఈ వరస అయిపోనీ" అంటుంది. అంతే, మళ్లీ పనిలో పడతాడు. మొదటి వారం కూలి డబ్బుతో అమ్మకి బీపీ మాత్రలు కొనుక్కొచ్చాడు. అన్నాళ్లూ వాడికి మాత్రలు తెచ్చిపెట్టింది అమ్మ. ఆ రోజు ఆవిడ అన్నం తినలేకపోయింది.

ఆ యజమాని మాకు తెలిసినవాడు కాబట్టి ఇదంతా జరిగింది. తెలిసినవాళ్లు లేని ఇళ్ల సంగతేమిటి?

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని వైకల్యాల జాబితాలో మానసిక అనారోగ్యం కూడా ఉంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఇచ్చే 4 శాతం రిజర్వేషన్‌లో వీళ్లకీ చోటుంది. మొత్తం సిబ్బందిలో కనీసం 5 శాతం దివ్యాంగులు ఉండేలా చూసే ప్రైవేటు యజమానులకు ప్రోత్సాహకాలు ఇవ్వాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. మా చుట్టుపక్కల నర్సరీల వాళ్లని, కొబ్బరి పీచు యూనిట్ల వాళ్లని అడిగి చూశాను. ఆ మాట విన్నవాళ్లు ఒక్కరూ కనబడలేదు.

ఇంకో భయం గురించి కూడా రాయాలి, ఎందుకంటే మా ఇంట్లోనే అది ఏడాది పాటు అడ్డుపడింది. వైకల్యం ఎంత శాతమో తేల్చి ఇచ్చే సదరం సర్టిఫికెట్‌కి మానసిక రోగులను చూసేటప్పుడు, పని చేయగలడా లేదా అన్నది కూడా లెక్కలోకి తీసుకుంటారు. ఆ శాతం 40 కంటే తగ్గితే నెలకు 6,000 రూపాయల దివ్యాంగుల పింఛను ఉండదు. పనికి వెళితే పింఛను పోతుందేమో, రేపు జబ్బు తిరగబెడితే రెండూ లేకుండా పోతామేమో అని అమ్మ వాణ్ని పంపనివ్వలేదు. పనిలో చేరిన మొదటి రెండేళ్లు పింఛను కదపబోమని అధికారులు రాసిస్తే, ఎన్నో ఇళ్లలో ఈ భయం పోతుంది.

మందులిచ్చే జిల్లా ఆసుపత్రిలోనే పని చూపించే మనిషి ఒకరుండాలి. ఆ మనిషి యజమానితో మాట్లాడాలి. చేరాక కూడా నెలకోసారి వెళ్లి ఎలా ఉన్నాడో చూడాలి, వేళలు కుదరకపోతే సర్దుబాటు చేయించాలి. ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చి తర్వాత పని వెతకడం కాకుండా, ముందు ఇష్టమైన పనిలో చేర్పించి అక్కడే నేర్పిస్తే ఎక్కువమంది నిలబడుతున్నారని చాలా దేశాల్లో చేసిన పరిశోధనల్లో తేలింది. మా తమ్ముడి విషయంలో జరిగింది కూడా అదే. నైపుణ్య శిక్షణ కేంద్రాల్లో వీళ్లకోసం ఒక పూట బ్యాచ్ పెట్టినా చాలు, హాజరు తగ్గిందని పేరు కొట్టేయకుండా ఉంటే చాలు.

మా వీధిలో ఇంకో అమ్మాయి ఉంది. డిగ్రీ చదివింది, లేసు అల్లిక బాగా వచ్చు, నాలుగేళ్లుగా మందులు వాడుతోంది. మొన్న వాళ్లమ్మ మా ఇంటికి వచ్చి, మా తమ్ముడికి పని ఇచ్చిన ఆయన ఫోన్ నంబరు రాసుకుని వెళ్లింది.

— ఒక అక్క, కడియం మండలం
(తమ్ముడి కోసం పేరు వేయవద్దని మనవి)