ఆ కాగితం ఏందో రాయి

కర్నూలు,
ఆదివారం పొద్దున.

చిట్టీ,

ఇక్కడ అందరం బాగున్నాము. మీ నాయనకు మోకాలి నొప్పి తగ్గింది, పొద్దున్నే కొండారెడ్డి బురుజు దాకా నడిచి వస్తున్నాడు. జేజికి చెవులు ఇంకా మందగించినాయి గానీ, ఫోన్ మోగితే మాత్రం ఎట్ల వినబడుతుందో, "మన పిల్లేనా?" అంటుంది. నువ్వు మాట్లాడి పంతొమ్మిది రోజులైంది. పనిలో తీరిక లేదేమో అనుకుంటున్నాము.

బుధవారం నారాయణ మామ హైదరాబాదుకు వస్తాడు. ఆయన చేతికి అయిదు కిలోల సోనామసూరి, శెనక్కాయ పొడి, నిప్పట్లు ఇచ్చి పంపిస్తా. పొడి డబ్బాలో తడి చెంచా పెట్టొద్దు. పోయినసారి బూజు పట్టించినావు.

నిన్న లచ్చత్త వచ్చింది. ఆ చెరువు ఫొటోల గురించి నీకు స్టేషన్ నుంచి ఏదో వచ్చిందని రమణ పెండ్లాం చెప్పిందంట. ఒకసారి కాగితం అంటుంది, ఒకసారి ఫోన్ అంటుంది, ఇంకోసారి వాట్సాప్ అంటుంది. నేను ఏమీ అడగలేదు, కాఫీ ఇచ్చి పంపించినా. ఆమె పోయినాక నీ పేజీ తెరిచి చూస్తే ఆ ఫొటోలు లేవు. లారీ వెనక తలుపు వేలాడుతుండగా ఎర్రమట్టి జారి నీళ్ళలో పడేది, పక్కన తూటికాడ సగం పూడిపోయి ఉండేది. ఆ ఫొటో మా బార్ రూములో ఎందరికి చూపించినానో.

సరే, దాని సంగతి నువ్వే చెప్తావు. నేను వేరే మాట రాద్దామని కూర్చున్నా.

మన కర్నూల్లో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గురించి చిన్నప్పుడు జేజి నీకు చెప్పేది కదా. 1908లో 'స్వరాజ్య' పత్రికలో వచ్చిన రాతకు ఆయన మీద రాజద్రోహం కేసు పెట్టి జైలుకు పంపినారు. అప్పటి సర్కారుకు మనం ఓటేసింది లేదు, కాబట్టి వాళ్ళను దేనికీ నిలదీసే దారి కూడా లేదు. ఇప్పుడు ఓటుంది, రాజ్యాంగముంది. అయినా స్వేచ్ఛ అనంగానే మనవాళ్ళకు ఆగస్టు 15, జెండా, మిఠాయి గుర్తుకొస్తాయి. నాకు గుర్తుకొచ్చేది గడియారం, రబ్బరు ముద్ర. ఎవరు పిలిచినారు, ఏ సెక్షన్ కింద, ఎన్ని గంటలకు, ఎవరి సంతకంతో? ఈ నాలుగూ అడిగితే జవాబు చెప్పాల్సిన బాధ్యత అవతలి మనిషికి ఉండటమే ప్రజాస్వామ్యంలో మామూలు మనిషికి దక్కిన స్వేచ్ఛ. మిగతాదంతా దాని మీద కట్టుకున్నదే.

రమణ పెండ్లాం చెప్పిన మూడింట్లో ఏది నిజమో తెలియదు గాబట్టి మూడూ రాస్తా.

ఫోనో వీడియో కాలో అయితే, యూనిఫాం తొడుక్కున్నవాడు తెర మీద కనబడి "నువ్వు డిజిటల్ అరెస్టులో ఉన్నావు, కెమెరా ముందు నుంచి లేవొద్దు, ఎవరికీ చెప్పొద్దు" అని ఉంటే, పెట్టెయ్. అట్లాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు. పైసా పంపి ఉంటే ఆ క్షణమే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చెయ్యాలి, ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు ఖాతా నుంచి ఖాతాకు మారిపోతుంది. చదువుకున్నవాళ్ళు కూడా వీటిలో చిక్కుకుంటున్నారు. ఎవరికీ చెప్పొద్దు అన్న ఒక్క మాటకు లొంగినందువల్లే చిక్కుతారు. నిజంగా అరెస్టు చేసిన అధికారి నీ మనిషి ఒకరికి కబురు చెప్పి తీరాలి, అది వాళ్ళకు చట్టం పెట్టిన పని.

వాట్సాప్‌లో వచ్చిన నోటీసు అయితే, అది నోటీసే కాదు. పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్ కింద ఇచ్చే నోటీసును వాట్సాప్‌లో పంపడం చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. కానీ దాన్ని చెరిపెయ్యొద్దు. ఉంచు.

ఇంక కాగితమే వచ్చి ఉంటే, మొదట ఆ సంహితలో ఏ సెక్షనో చూడు. 179 అని ఉంటే నిన్ను సాక్షిగా పిలుస్తున్నట్టు. ఆడవాళ్ళను సాక్ష్యానికి వాళ్ళు ఉండే చోటే అడగాలి గానీ స్టేషనుకు రమ్మనకూడదు. 35(3) అని ఉంటే నీ మీదే ఆరోపణ. అప్పుడు మాత్రం పోవాలి, ఎగ్గొట్టకూడదు. ఆ నోటీసు ఇచ్చినారంటే నిన్ను ఇప్పుడు అరెస్టు చేసే అవసరం లేదని వాళ్ళే ఒప్పుకున్నట్టు. చెప్పిన ప్రకారం హాజరవుతున్నంత కాలం అరెస్టు చెయ్యకూడదు, చెయ్యాలంటే కారణం రాసి పెట్టాలి. పోకుండా ఇంట్లో కూర్చుంటేనే అరెస్టుకు దారి దొరుకుతుంది. భయపడి ఆగిపోయినవాళ్ళు చెడేది సరిగ్గా ఇక్కడే.

కాగితంలో స్టేషన్ పేరు, క్రైమ్ నంబరు, సెక్షన్లు, తేదీ, గంట, ఇచ్చిన అధికారి పేరు, హోదా, సంతకం ఉన్నాయా చూసుకో. తీసుకున్నట్టు సంతకం పెట్టేటప్పుడు పక్కనే తేదీ, టైము నీ చేత్తో రాయి. ఖాళీ కాగితం మీద సంతకం ఎవరడిగినా పెట్టొద్దు. విచారణలో నువ్వు చెప్పింది వాళ్ళు రాసుకుంటారు, దాని మీద నీ సంతకం అక్కర్లేదు, చట్టమే వద్దంటుంది. ఫోన్ తీసుకుంటే జాబితా రాసిన పంచనామా కాపీ అడుగు. సోదా, స్వాధీనం వీడియో తియ్యాలని 105వ సెక్షన్ ఉంది. అరెస్టు చేసి విచారిస్తుంటే మధ్యలో వకీలును కలవడానికి 38వ సెక్షన్ ఒప్పుకుంటుంది, మొత్తం సేపూ పక్కన కూర్చోనివ్వరు గానీ కలవనిస్తారు. అక్కడ తెలిసిన వకీలు లేకపోతే 15100కు ఫోన్ చెయ్యి. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవా సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

ఎక్కువ పొరపాటు జరిగేది గంటల లెక్క దగ్గర. అరెస్టయిన మనిషిని, ప్రయాణానికి పట్టే సమయం పోను, 24 గంటల లోపల మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది. అయితే "అరెస్టు చెయ్యలేదమ్మా, ఊరికే మాట్లాడటానికి పిలిచినాము" అని రెండు రోజులు బెంచీ మీద కూర్చోబెట్టి, మూడో రోజు పొద్దున అరెస్టు చేసినట్టు కాగితం రాసేది ఉంటుంది. అందుకే లోపలికి పోయిన నిమిషం బయట ఇద్దరికి తెలిసుండాలి. ఒకరు చాలరు. ఆ ఒకరి ఫోన్ ఆగిపోతే అంతే. నీ విషయంలో ఆ ఇద్దరిలో ఒకరు నేనని నీకు గుర్తుంటే చాలు. సూర్యుడు మునిగినాక, పొడవక ముందు ఆడమనిషిని అరెస్టు చెయ్యకూడదు. తప్పదనుకుంటే మహిళా అధికారి ఉండాలి, ఆమె కారణం రాసిచ్చి మేజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకోవాలి.

నువ్వు రాత్రుళ్ళు సరిగ్గా నిద్రపోతున్నావా? ఫోన్ దిండు కింద పెట్టుకోవద్దు.

నీకు ఇందిరాగాంధీ కోడలు మేనకా గాంధీ కేసు ఎప్పుడో చెప్పినట్టున్నా. మళ్ళీ చెప్తా, ఎందుకంటే అది కూడా ఒక కాగితంతోనే మొదలైంది. 1977 జూలై 4న ఢిల్లీ పాస్‌పోర్టు అధికారి రాసిన ఉత్తరం ఆమెకు అందింది. ప్రజాప్రయోజనం కోసం నీ పాస్‌పోర్టు స్వాధీనం చేసుకోవాలని ప్రభుత్వం నిర్ణయించింది, ఏడు రోజుల్లో తెచ్చి అప్పజెప్పు అని. ఎమర్జెన్సీ పోయి నాలుగు నెలలు కూడా కాలేదు, ప్రభుత్వం మారింది. ఆమెకు ఇరవై ఏళ్ళు. వెంటనే తిరుగు జాబు రాసింది: కారణాలు ఇవ్వాలని పాస్‌పోర్టు చట్టం 10(5) చెప్తుంది, నాకు ఆ కాపీ ఇవ్వండి అని. జూలై 6న జవాబు వచ్చింది, ప్రజాప్రయోజనం దృష్ట్యా కారణాలు చెప్పము అని. తీసుకోవడానికీ అదే మాట, చెప్పకపోవడానికీ అదే మాట.

ఆమె 32వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు పోయింది. అప్పటికి ఆ కోర్టు దగ్గర పేరుకున్నది మంచి చరిత్ర కాదు. 1950లో కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ జైల్లోంచి అడిగితే, శాసనసభో పార్లమెంటో చేసిన చట్టం ఒకటుంటే చాలు, అది న్యాయంగా ఉందా లేదా అని మేము చూడము అన్నది ఆ తీర్పు సారం. 1976 ఏప్రిల్ 28న జబల్‌పూర్ కేసులో ఇంకా దిగజారింది. ఎమర్జెన్సీలో నిర్బంధించిన మనిషి, నన్నెందుకు పట్టినారని కోర్టును అడగడానికి కూడా లేదని నలుగురు జడ్జీలు రాసినారు. హెచ్.ఆర్. ఖన్నా ఒక్కడే కాదన్నాడు. మరుసటి సంవత్సరం ఆయనకు రావాల్సిన ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయన కంటే చిన్నవాడికి ఇచ్చినారు, ఆయన రాజీనామా చేసి ఇంటికి పోయినాడు.

అట్లాంటి కోర్టులో మేనక కేసును ఏడుగురు జడ్జీలు విన్నారు. 1978 జనవరి 25న తీర్పు చెప్పినారు. ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే 21వ అధికరణంలో "చట్టం నిర్దేశించిన పద్ధతి" అని ఉన్నది ఏ పద్ధతైనా సరే అని కాదు, అది న్యాయంగా, సబబుగా ఉండాలి, మనిషి మాట వినకుండా హక్కు తీసెయ్యకూడదు అన్నారు. ఆమె పాస్‌పోర్టు మాత్రం ఆ పొద్దు చేతికి రాలేదు. ఆమె వాదన వింటామని ప్రభుత్వం తరఫున అటార్నీ జనరల్ మాట ఇచ్చినాడని, కోర్టు ఆ ఉత్తర్వును కొట్టెయ్యకుండానే కేసు ముగించింది. కానీ ఆమె అడిగిన ఆ కారణాల కాపీ వల్ల ఆ తర్వాత ఎందరు ఖైదీలకు వకీలు దొరికినాడో. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారే, ఆ తీర్పుకూ దారి ఇదే వేసింది.

అన్నీ మంచే రాస్తే నిన్ను మోసం చేసినట్టు. అదే 22వ అధికరణంలో ముందస్తు నిర్బంధానికి సందు ఉంది. నేరం చెయ్యకముందే, చేస్తావేమో అని, సలహా మండలి చూడకుండా మూడు నెలల దాకా లోపల పెట్టొచ్చు. 24 గంటల లెక్క దానికి వర్తించదు. రాజ్యాంగంలో నాకు నచ్చని చోటు చూపించమంటే ఇదే చూపిస్తా.

మళ్ళీ ఆ లారీ ఫొటో దగ్గరికి వస్తున్నా. మాట్లాడే హక్కు మీద రాజ్యాంగం 19(2) కింద పెట్టదగిన ఆంక్షలు ఎనిమిదే. నీ ఫొటో వాటిలో దేని కిందికైనా లాగాలంటే పరువునష్టం ఒక్కటే దొరుకుతుంది. లోకానికి మేలు కోసం చెప్పిన నిజం పరువునష్టం కాదని ఆ సెక్షన్ మినహాయింపులోనే ఉంది. అదీ గాక మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు ఆ కేసు దర్యాప్తు చెయ్యడానికి లేదు, ఫిర్యాదీ నేరుగా కోర్టుకు పోవాల్సిందే. అట్ల కాకుండా జనాల మధ్య వైరం పెంచినావనో, అబద్ధం ప్రచారం చేసినావనో మూడేళ్ళ శిక్ష పడే సెక్షన్ తగిలించి ఉంటే, అదే సంహితలో 173(3) ఉంది: డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ. మాటకూ రాతకూ సంబంధించిన ఇట్లాంటి ఫిర్యాదుల్లో ముందు ఆ విచారణ చెయ్యడమే తగిన పద్ధతని 2025 మార్చిలో ఒక కవిత మీద పెట్టిన కేసు కొట్టేస్తూ సుప్రీంకోర్టు చెప్పింది. ఒకవేళ కాగితంలో ఐటీ చట్టం 66ఏ అని కనబడితే, సుప్రీంకోర్టు కొట్టేసినందువల్ల అది 2015 మార్చి 24నే చచ్చిపోయింది. ఫేస్‌బుక్‌లో ఒక మాట రాసిన అమ్మాయినీ, దానికి లైక్ కొట్టిన అమ్మాయినీ 2012లో పాల్ఘర్‌లో పట్టుకుపోయినారు. ఆ సెక్షన్ మీద కోర్టుకు పోవడం దాంతోనే మొదలైంది. కొట్టేసిన తర్వాత కూడా ఏళ్ళ తరబడి దాని కింద కేసులు రాస్తూనే ఉన్నారని కోర్టే మందలించింది.

ఫొటోలు నువ్వే తప్పనుకుని తీసేసి ఉంటే, చెరువు అది కాదనో తేదీ తప్పనో తెలిసి ఉంటే, మంచి పని చేసినావు. భయానికి తీసి ఉంటే మాత్రం నాకు చెప్పు. కోప్పడను. మీ నాయన కూడా కోప్పడడు, ఆయనకు ఇంకా చెప్పలేదు. తీసెయ్యమని నీకు ఎవరూ ఉత్తర్వు ఇవ్వకుండానే తీసేసినావంటే, వాళ్ళు వాడాల్సిన సెక్షన్ కూడా వాడకుండా పని జరిగిపోయినట్టు. అసలు ఫైళ్ళు ఫోన్‌లోనే ఉంచు. తీసిన తేదీ, గంట ఫైలు లోపలే ఉంటాయి, వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపించుకుంటే అవి పోతాయి. మెయిల్‌కు పంపి పెట్టు.

నారాయణ మామ బస్సు బుధవారం తెల్లారేసరికి దిగుతుంది. బియ్యం నువ్వు మొయ్యొద్దు, ఆయనే గది దాకా తెస్తాడు. కాగితం ఉంటే ఆయనకు ఇయ్యొద్దు, ఆయన పారేసుకుంటాడు. ఫొటో తీసి నాకు పంపు. రెండు వైపులా తియ్యి, వెనకవైపు ఖాళీగా ఉన్నా సరే.

అమ్మ