పోస్ట్‌డాక్ వచ్చింది, మీకు థ్యాంక్స్ చెప్పకుండా ఉండలేను

నిన్న సాయంత్రం మెయిల్ వచ్చింది, హంబోల్ట్ ఫెలోషిప్ (రీసెర్చ్ చేయడానికి జర్మనీలోని ఒక ఫౌండేషన్ ఇచ్చేది) ఓకే అయింది, 2 ఏళ్ళు జర్మనీలో పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే రీసెర్చ్. రాత్రంతా నిద్ర పట్టలేదు, పొద్దున్నే లేచి ముందు ఈ గ్రూప్‌లో మీకే రాస్తున్నా, ఇది నా ఒక్కదాని వల్ల అయిన పని కాదు.

కిందటేడు మీ సాయం అడిగేటప్పటికి నేను దాదాపు ఆశ వదిలేసుకున్నా. పీహెచ్‌డీ అయ్యి 4 ఏళ్ళు దాటిపోయింది, మధ్యలో పాప పుట్టి ఏడాది పాటు ల్యాబ్ మొహం చూడలేదు, 40 మంది ప్రొఫెసర్లకి మెయిల్ పెడితే ముగ్గురు జవాబిచ్చారు, ముగ్గురిదీ ఒకటే మాట, ఫండింగ్ లేదని.

అప్పుడు ఒక అక్క (పేరు రాయొద్దంది) నా మెయిల్ తెప్పించుకుని చదివి, ఇందులో అంతా నీ గురించే ఉంది, వాళ్ళ ల్యాబ్‌కొచ్చి ఏం చేస్తావో ఒక్క లైను కూడా లేదు కదమ్మా అంది. నిజమే, పేరు ఒక్కటి మార్చి అందరికీ అదే పంపేదాన్ని. నా పీహెచ్‌డీ అంతా ఎక్స్‌రే క్రిస్టలోగ్రఫీ, అంటే ప్రోటీన్‌ని క్రిస్టల్‌గా మార్చి ఎక్స్‌రేలతో దాని ఆకారం కనుక్కోవడం, మెంబ్రేన్ ప్రోటీన్లు (కణం పొరలో ఉండేవి) క్రిస్టల్ కట్టక ఎన్ని నెలలు పోయాయో నాకే తెలుసు, అసలు క్రిస్టల్ అక్కర్లేకుండా పల్చటి ఐస్‌లో ఫ్రీజ్ చేసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూసే క్రయో ఈఎం నేర్చుకోవాలనిపించింది కూడా అందుకే. ఆ మాటే రాయమంది. వాళ్ళ పేపర్లు కూర్చుని చదివి, వాళ్ళు ఇంకా తేల్చని ఒక ప్రశ్న పట్టుకుని ఐదు లైన్లలో రాసి ఈసారి ఆరుగురికే పంపా. నలుగురు రిప్లై ఇచ్చారు!

ఫండింగ్ లేదంటే అక్కడితో అయిపోయినట్టు కాదు, నేను ఫెలోషిప్‌కి అప్లై చేస్తా, హోస్ట్‌గా ఉండి మీ ల్యాబ్‌లో చోటిస్తారా అని తిరిగి అడగమని చెప్పిన అన్నయ్యకి వంద దండాలు. హంబోల్ట్‌కి పీహెచ్‌డీ అయిన 4 ఏళ్ళ లోపే అని చదివి నేనే పక్కన పెట్టేశా, పిల్లల్ని చూసుకున్న కాలాన్ని కూడా పరిగణిస్తారని ఆయన చెప్పేదాకా తెలీదు. మేరీ క్యూరీకి (యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఇంకో ఫెలోషిప్) 8 ఏళ్ళు, అందులోనూ కెరీర్ బ్రేక్ కాలాన్ని తీసేసి లెక్కేస్తారు, కాకపోతే వెళ్ళే దేశంలో అప్లికేషన్ గడువుకి ముందు 36 నెలల్లో 12 నెలలకి మించి ఉండి ఉండకూడదు. బ్రేక్ తీసుకున్న అక్కచెల్లెళ్ళు ఉంటే దయచేసి మొదటి లైను చూసి ఆగిపోవద్దు, రూల్స్ చివరిదాకా చదవండి, అర్థం కాకపోతే వాళ్ళకే మెయిల్ పెట్టి అడగండి, నేనూ అలాగే అడిగా.

ల్యాబ్ ఇంటర్వ్యూకి ముందు మాక్ టాక్ (ప్రాక్టీస్ ప్రెజెంటేషన్) కోసం రాత్రి పదకొండింటికి జూమ్‌లో కూర్చున్న ఇద్దరికీ ఏమిచ్చి రుణం తీర్చుకోవాలో తెలీట్లేదు. మూడో స్లైడ్ దగ్గరే ఆపి, ఈ ప్రోటీన్ గురించి మాకెందుకు అని అడిగారు, ఆ రోజు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ ల్యాబ్ వాళ్ళ అసలు ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న అదే వచ్చింది, తడుముకోకుండా చెప్పా.

నా ప్రపోజల్ ఎవరికైనా కావాలంటే అడగండి, పంపిస్తా. ఇప్పుడు వీసా కాగితాల పని మొదలైంది, చిన్నపిల్లలతో జర్మనీ వెళ్ళినవాళ్ళు ఉంటే అక్కడ డేకేర్ సీటు కోసం ఎన్ని నెలల ముందు నుంచి వెతకాలో చెప్పరూ.